కాగితానికి తెలియని వేళాకోళం

అక్టోబర్ 12, సోమవారం

గాంబోని తీసుకెళ్ళారు. పొద్దున్న తొమ్మిది దాటింది. తెల్ల కారు, ఇద్దరు మనుషులు.

వడలు సగానికి సగం మిగిలిపోయాయి. నానబోసిన అలసందలు ఇంకో గిన్నెడు ఉన్నాయి. రేపటికి పులుస్తాయి.

నేనేమీ అనలేదు. అందరిలాగే నవ్వాను, అంతే.

అక్టోబర్ 13

తెల్లారేసరికి అత్త మా గడపలో కూర్చుని ఉంది. కొడుకు గాంబో తినని సంకటి గిన్నె ఒళ్ళో పెట్టుకుంది.

"నువ్వు పక్కనే వడలు వేస్తున్నావు గదే అసాబే. వాడి పేరు వాళ్ళకెవరు చెప్పారు?"

"పొగలో నాకేం కనబడలేదత్తా."

పొగ నిజమే. నిన్నటి కట్టెలు పచ్చివి. కావాలంటే కట్టెలమ్మిన వాణ్ణి అడగొచ్చు.

అక్టోబర్ 14

గాంబో అమ్మే పత్రికలు నేలమీదే ఉన్నాయి. ఒక్కోదాని మీద ఒక్కో రాయి. రెండు రోజులుగా ఎవరూ ముట్టుకోలేదు. నేనే ఏరి తెచ్చి గోనెసంచిలో పెట్టాను. వాటిలో మాత్రం వడలు కట్టను.

అక్టోబర్ 16, శుక్రవారం

వీధి ఇంత నిశ్శబ్దంగా ఉంటే మూకుడులో నూనె చప్పుడు కూడా పెద్దగా వినిపిస్తోంది.

బడిలో నా పంతులమ్మ జీతం ఆగి ఏడు నెలలైంది. అప్పటినుంచీ పొద్దున వడలు, ఆ తర్వాత బడి. గాంబో పత్రికల పక్కనే పొయ్యి పెట్టుకున్నాను. వాడి దగ్గర వార్తల శీర్షికలు చదవడం ఉచితం, పేజీ తిప్పితేనే డబ్బు. అందుకే మా కడూనా ఊళ్ళో పని లేనివాళ్ళంతా వాడి ముందే నిలబడేవాళ్ళు. పేజీ తిప్పిన వాణ్ణి నేను చూడలేదు. నిలబడి చదవడం, నిలబడి వడ తినడం, దేశాన్నేలే జనరల్ గురించి కొట్టుకోవడం. పత్రిక మీద ఎలాగూ ఆయన బొమ్మే ఉంటుంది కదా.

దర్జీ ఇలూ ఆయన వైపు. "జనరల్ లేకపోతే ఈ దేశం ఈపాటికి నాలుగు ముక్కలు. రాత్రిపూట తలుపు తీసి పడుకుంటున్నామా లేదా? ఆ మాట చెప్పు ముందు."

రైల్వేలో గుమాస్తాగా చేసి దిగిపోయిన ముసలి షెహూ ఎదురు వైపు. "పడుకుంటున్నాం. లేవడానికి పనేదీ మరి? భూమిలో ఎక్కడ గుచ్చినా నూనె తగిలే దేశం ఇది. నా లాంతరులో చూడు, బొట్టుందా? ఊరి చివర రిఫైనరీ పెట్టుకుని పెట్రోలు కోసం రెండు రోజులు వరసలో నిలబడేది మనమే గదా."

"తిన్నది ఆయన ఒక్కడేనా? కింద వాళ్ళు తింటున్నారు. పాపం, ఆయనకేం తెలుసు!"

"వండినవాడికి తెలియకుండా కుండ ఖాళీ అవుతుందిట్రా?"

మంగలి బరావు మాత్రం ఇద్దరికీ తల ఊపేవాడు. గడ్డాలు ఇద్దరివీ వాడే గీయాలి.

గాంబో ఒక్కమాట అనేవాడు కాదు. ఎవరైనా గుచ్చి అడిగితే "నేనమ్మేది కాగితం, నోరు కాదు" అనేవాడు. నాకు పొట్లాలకి పాత పత్రికలు ఇచ్చేముందు జనరల్ బొమ్మ ఉన్న పేజీ విడిగా తీసి పెట్టేవాడు. "ఆ మొహం మీద నూనె మరక పడితే ఎవరికి ఎలా అర్థమవుతుందో దొరసానీ" అనేవాడు. అంత భయస్తుడు.

ఈ వారం ఎవరూ రావడం లేదు. వచ్చిన వాళ్ళు వడలు పొట్లం కట్టించుకుని, ఎండ బాగా కాస్తోందని చెప్పి వెళ్ళిపోతున్నారు.

అక్టోబర్ 17

నేనన్నది ఎవరూ పట్టించుకుని ఉండరు. నవ్వుల్లో కలిసిపోయింది.

అక్టోబర్ 18

రాసేస్తాను. ఇది హాజరు పుస్తకం వెనకవైపు. పిల్లలు చూడరు, హెడ్మాస్టరు అసలే చూడడు.

గాంబో నా మేనత్త కొడుకు. నాకంటే రెండేళ్ళు పెద్ద. అయినా నేను ఏరా అంటాను, అది నాకు పుట్టుకతో వచ్చిన హక్కు. మాలో అన్నదమ్ముల పిల్లలు యజమానులు, అక్కచెల్లెళ్ళ పిల్లలు బానిసలు. తాతల నాటి ఆట. వాడు నా బానిస, నేను వాడి దొరసానిని. కనబడగానే తిట్టుకోకపోతే ఏదో జబ్బు చేసిందేమో అనుకుంటారు. నా భర్త పోయిన రోజున కూడా గుమ్మంలోకి వస్తూనే "పాపం మా దొరసానిని భరించలేక పారిపోయాడు" అన్నాడు. అందరూ ఏడుస్తున్నారు. నేను ఏడుస్తూ ఏడుస్తూ నవ్వాను. అప్పటిదాకా నాకు ఊపిరి ఆడలేదు. ఆ రోజు నన్ను బతికించింది వాడి నోరే.

ఎండాకాలంలో వాడు నా మీద ఒక నాటకం ఆడాడు. ఇద్దరు స్నేహితులకి ఖాకీ బట్టలు తొడిగి, మునిసిపాలిటీ శుభ్రత ఇన్‌స్పెక్టర్లమని పంపించాడు. వాళ్ళు నా పిండిలో వేలు పెట్టి, నూనె వాసన చూసి, మూకుడు జప్తు చేస్తామన్నారు. నేను కాళ్ళావేళ్ళా పడ్డాను. అప్పుడు పత్రిక చాటునుంచి గాంబో నవ్వు వినిపించింది. వీధి వీధంతా వారం రోజులు నవ్వింది. "నీకు నా చేతిలో ఉందిరా బానిసా, చూస్తూ ఉండు" అని అందరి ముందూ ఒట్టు వేశాను.

సోమవారం ఇద్దరు వచ్చారు. ఇస్త్రీ బట్టలు, నల్ల బూట్లు. పత్రికల ముందు నిలబడి, "ఇక్కడ జనరల్ని తిట్టేదెవరు?" అని అడిగారు. ఇలూ పాదాలు చూసుకున్నాడు. షెహూ దగ్గాడు.

నేను గాంబో వైపు చూశాను. వాడి మూతి నవ్వు ఆపుకుంటోంది. మళ్ళీ ఎవరినో పట్టుకొచ్చాడు వెధవ, ఈసారి పోలీసు వేషం అనుకున్నాను. ఈసారి నేను దొరకదలుచుకోలేదు.

చిల్లుల గరిటె ఎత్తి చూపించాను. "ఇదిగో, వీడే. నా బానిస. పొద్దున లేస్తే జనరల్ని తిట్టనిదే ముద్ద దిగదు వీడికి. పట్టుకుపొండి బాబూ, నాకు పీడ వదులుతుంది. బాగా ఎర్రగా వేయించండి" అన్నాను.

వాడు లేచి, టోపీ తీసి, నడుం వంచి, "అవునండి, నేనే. మా దొరసాని నోట అబద్ధం రాదు. రాసుకోండి" అని రెండు చేతులూ ముందుకు చాపాడు.

అందరూ నవ్వారు. వాళ్ళలో ఒకడు నిజంగానే రాసుకున్నాడు. నా పేరు అడిగాడు, చెప్పాను. తండ్రి పేరు కూడా చెప్పాను. గాంబో నవ్వుతూనే కారెక్కాడు. తలుపు వేసే ముందు నా వైపు చూసి కనుబొమ్మ ఎగరేశాడు. మంచి వేషగాళ్ళనే పట్టావే అన్నట్టు.

అప్పుడు తెలిసింది. వాళ్ళని నేను పంపించానని వాడు అనుకున్నాడు. నా ఒట్టు తీర్చుకుంటున్నానని అనుకున్నాడు.

వడలు మాడాయి.

అక్టోబర్ 23, శుక్రవారం

సెక్యూరిటీ ఆఫీసు గేటు దగ్గర నాలుగు గంటలు నిలబడ్డాను. లోపల ఒక ఆఫీసరు, ముక్కుమీద కళ్ళద్దాలు, నా కన్నా చిన్నవాడు. మర్యాదగానే కూర్చోమన్నాడు.

"అది వేళాకోళం బాబూ. వాడు మా మేనత్త కొడుకు."

ఆయన మొహం మెత్తబడింది. "ఏ వైపు? మీరు యజమానులా, వాళ్ళా?"

"మేమేనయ్యా. వాడు బానిస."

"నాకూ ఉందొక మేనమామ కూతురు. పండగ నాడు నా టోపీ లాక్కుని డబ్బిస్తే గానీ ఇవ్వదు" అని నవ్వాడు.

నా ప్రాణం లేచొచ్చింది. "అయితే మీకు తెలుసు గదా బాబూ! వదిలెయ్యండి."

ఆయన ఫైలు తెరిచాడు. నా పేరు, మా నాన్న పేరు, నేనన్న మాటలు. గరిటె మాట మాత్రం లేదు. దాని కింద గాంబో ఒప్పుకోలు. 'అవును, నేనే.'

"నాకు తెలుసమ్మా. కాగితానికి తెలియదు" అన్నాడు. "ఇది ఇక్కడ ఉంటే నేను కొట్టిపారేసేవాణ్ణి. నకలు రాజధానికి పోయింది. మనిషి కూడా పోయాడు."

"అయితే ఇంకో కాగితం రాసిస్తాను. అబద్ధమని రాస్తాను."

"రాస్తే తప్పుడు సాక్ష్యమని మిమ్మల్నీ పట్టుకుంటారు. అతన్ని వదలరు. ఇంటికి వెళ్ళండి."

వెళ్ళిపోతుంటే వెనకనుంచి మెల్లిగా, "ఆ చుట్టరికం ఎంత మంచిది, ఎలా పాడైందో చూడండి" అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు.

రాయలేదు నేను. పిరికిదాన్ని.

అక్టోబర్ 24

అత్త అడిగింది, ఆఫీసులో ఏమన్నారని. పేరు ఎవరిచ్చారో వాళ్ళకీ తెలియదట అన్నాను. నా గిన్నెలో సంకటి పెట్టి, బెండకాయ పులుసు పోసింది. గాంబో వంతు అది. తిన్నాను.

నవంబర్ 2

జనరల్‌కి ఉత్తరం రాశాను.

నేనెప్పుడూ ఆ గుంపులో నోరు విప్పలేదు గానీ, నా ఓటు ఇలూకే. ఓట్లే లేవు, అది వేరే సంగతి. నాలుగేళ్ళ క్రితం అల్లర్లలో నా భర్తని బస్సులోంచి దింపి చంపారు. ఆ తర్వాతే జనరల్ వచ్చాడు. ఊరికి సైన్యం వచ్చింది, అల్లర్లు ఆగాయి. మిగతా ఆడవాళ్ళ భర్తలు మిగిలారు. ఆ ఒక్క కారణానికి వంటింట్లో ఆయన బొమ్మ ఉన్న క్యాలెండరు తగిలించుకున్నాను. షెహూ తిడుతుంటే లోపల మండేది. కింద వాళ్ళు చేసే పాపాలు ఆయనకెలా తెలుస్తాయి అనుకునేదాన్ని.

అదే రాశాను. అయ్యా, ఇది కింద వాళ్ళ పొరపాటు, మీకు తెలిస్తే నవ్వుకుని వదిలేస్తారు, మీకూ మేనత్త పిల్లలు ఉండే ఉంటారు అని.

నవంబర్ 9

గాంబో పెళ్ళాం పుట్టింట్లో ప్రసవించింది. ఆడపిల్ల. తొలికాన్పు. తండ్రి లేకుండానే ఏడో రోజు పేరు పెట్టారు. పొట్టేలు కోశారు గానీ ఎవరూ సరిగా తినలేదు.

పేరు పెట్టగానే వేళాకోళపు చుట్టం లేచి పిల్ల మీద హక్కు చెప్పాలి. 'బానిస పిల్ల నా బానిస, రేపటినుంచి నా ఇంట్లో గిన్నెలు తోముతుంది' అనాలి. దానికి తండ్రి లబోదిబోమని కాళ్ళమీద పడి, శుభకార్యాల్లో పంచి నమిలే కోలాకాయలు ఇచ్చి విడిపించుకోవాలి. నేను మూల కూర్చున్నాను.

అత్త నా వైపు తిరిగింది. "ఏమే, నోరు పడిపోయిందా? అను. పిల్లకి మంచిది కాదు అనకపోతే."

లేచాను. బానిస పిల్ల అన్నాను. గిన్నెల మాట అనలేకపోయాను. విడిపించుకోవడానికి అత్తే నడుం గుడ్డ చెంగులోంచి కోలాకాయ తీసి నా చేతిలో పెట్టింది. చేదుగా ఉంటుందది. ఇంటికొచ్చేదాకా నములుతూనే ఉన్నాను.

నవంబర్ 20

జవాబు లేదు.

నవంబర్ 27

జవాబు లేదు. క్యాలెండరు గోడవైపు తిప్పాను. మళ్ళీ తేదీ చూడాల్సొచ్చి ఇటు తిప్పాను.

డిసెంబర్ 3

జనరల్ చచ్చిపోయాడు.

మధ్యాహ్నం బడిలో ఉండగా తెలిసింది. మొదట ఎవరూ నమ్మలేదు. తర్వాత మార్కెట్లో ఎవరో డప్పు కొట్టారు. ఆ తర్వాత ఊరు ఊరంతా రోడ్డు మీదే. చెట్ల కొమ్మలు విరిచి ఊపుతున్నారు. మోటారు సైకిళ్ళ మీద నలుగురేసి. ఈ ఊళ్ళో ఇంత పెట్రోలు ఎక్కడ దాచారో!

దర్జీ ఇలూ డాన్సు చేస్తున్నాడు. కొలత టేపు మెడలోంచి తీసి గాల్లో తిప్పుతున్నాడు. నన్ను చూసి, "రావే అసాబే! పీడ వదిలింది!" అని కేకవేశాడు.

పీడ వదులుతుంది. నేనన్న మాటే అది.

ఇంటికొచ్చి క్యాలెండరు దింపాను. చింపలేదు, మంచం కింద పెట్టాను. ఏడుపు వచ్చింది. ఎవరి కోసమో నాకే స్పష్టంగా తెలియలేదు. ఒక్కటి తెలుసు, గాంబో వస్తాడు. జైళ్ళు తెరుస్తారని రేడియోలో చెప్పారు.

డిసెంబర్ 5

ఏజెంటు పత్రికలు తెచ్చి నా పొయ్యి పక్కన పడేశాడు, గాంబో చోటు ఖాళీగా ఉందని. నేనే పరిచాను, రాళ్ళు పెట్టాను. జనం ఈగల్లా మూగారు. మొదటిసారి పేజీలు తిప్పారు, డబ్బిచ్చి మరీ.

"నేను మొదటి రోజునే చెప్పాను, ఈ జనరల్ దొంగ అని." ఇదీ ఇలూ.

షెహూ నవ్వలేదు. "చెప్పావా? ఎక్కడ, బొత్తాల కాజాల్లోనా? నాకు మాత్రం నిన్న ఆ జనరల్ తల్లి గుర్తొచ్చింది. ఎంత చెడ్డవాడైనా ఒక తల్లి కన్నదే."

"ఇన్నాళ్ళూ తిట్టి ఇప్పుడు జాలా!"

"బతికున్నప్పుడు తిట్టాను కాబట్టే ఇప్పుడు జాలిపడతాను. నువ్వు అప్పుడు పొగిడావు, ఇప్పుడు తిడుతున్నావు. నాకు అదే తేడా తెలుసు."

ఇలూకి రోషం వచ్చింది. "ఎవరికి భయపడి పొగిడానో నీకు తెలియదా? పక్కనే పట్టించేవాళ్ళు కూర్చుని ఉంటే!"

నాకెందుకో ఒళ్ళు మండిపోయింది. లేచి నిలబడ్డాను. "సిగ్గులేదూ మీకు? ఇక్కడ నిలబడి తిట్టింది మీరు, పొగిడింది మీరు. ఒక్క మాట అనని వాడు పోయి కూర్చున్నాడు. ఆ రోజు మీలో ఒక్కడైనా నేను అని ముందుకొచ్చాడా?"

మంగలి బరావు, ఎప్పుడూ ఎవరికీ ఎదురు చెప్పనివాడు, కత్తి గుడ్డకి తుడుచుకుంటూ అన్నాడు: "మేం రాలేదు, నిజమే. పేరు చెప్పింది మాత్రం నువ్వే అక్కా."

మళ్ళీ కూర్చున్నాను. వడలు తిరగేశాను.

డిసెంబర్ 12

రోడ్డంతా దుమ్ము. ఎడారి గాలి మొదలైంది. పెదవులు పగులుతున్నాయి. బస్టాండుకు రోజూ వెళ్తున్నాను. విడుదలైన వాళ్ళు కొందరు దిగుతున్నారు. వాళ్ళ వాళ్ళు వాళ్ళని పట్టుకుని ఏడుస్తున్నారు. నేను పక్కన నిలబడి మొహాలు చూస్తున్నాను.

డిసెంబర్ 21

ఉపవాసాల నెల మొదలు. ఇక వడలు సాయంత్రమే. ప్రతి రోజూ ఆకలితో ఉండి దేవుణ్ణి ఒకటే అడుగుతున్నాను. వాడు రావాలి. వచ్చి నన్ను బండబూతులు తిట్టాలి. వాళ్ళమ్మ ముందు, వీధి ముందు, నోరారా తిట్టాలి. అప్పుడు కాళ్ళు పట్టుకుంటాను.

జనవరి 6

వచ్చాడు.

ఉపవాసం విడిచే వేళ. నేను మూకుడు దించుతున్నాను. ఎవరో పొయ్యి అవతల నిలబడ్డారు. వడలు కావాలేమో అనుకుని "ఎన్ని?" అని అడిగాను.

మూడు నెలలు కూడా కాలేదు. చొక్కా వాడిది కాదు. ముందు పళ్ళు లేవు.

ఇంట్లో అత్త వాణ్ణి పట్టుకుని పిల్లాడిలా ఒళ్ళంతా తడిమింది. పుట్టింటి నుంచి వచ్చిన పెళ్ళాం పసిదాన్ని తెచ్చి ఒళ్ళో పెట్టింది. జాగ్రత్తగానే పట్టుకున్నాడు. ఎవరైనా తీసుకుంటారేమోనని చూస్తున్నట్టు తలుపు వైపే చూశాడు.

నాకు ధైర్యం చాలలేదు. వడల గిన్నె అక్కడ పెట్టి వచ్చేశాను.

జనవరి 8

నన్ను తిట్టలేదు.

జనవరి 11

ఇంకా తిట్టలేదు. అలసిపోయి ఉంటాడు. పళ్ళు లేకపోతే మాట్లాడటం కష్టం కూడా.

అత్త చెబుతోంది, మంచినీళ్ళు తాగడానికి కూడా అడుగుతున్నాడట, తాగొచ్చా అని. గోడకి ఆనుకుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద కనబడేలా పెట్టుకుని కూర్చుంటాడట. పేరు పెట్టి పిలిస్తే లేచి నిలబడతాడట.

షెహూ, ఇలూ ఇద్దరూ చూడటానికి వచ్చారు. షెహూ విదేశీ రేడియోలో విన్నవి చెప్పాడు, ఎన్నికలు వస్తాయట. "నువ్వేమంటావురా గాంబో, ఆ జనరల్ గురించి? ఇప్పుడైనా చెప్పు, నీకే హక్కుంది" అన్నాడు. గాంబో మెల్లిగా, "మీరు ఏమనమంటే అదంటాను" అన్నాడు. షెహూ బయటికొచ్చి గోడ పట్టుకుని ఏడ్చాడు.

జనవరి 14

అత్తకి చెప్పేశాను. గింజలు చెరుగుతోంది. ఎదురుగా కూర్చుని మొదటినుంచీ చెప్పాను. గరిటె, నవ్వులు, కారు, అన్నీ.

చేట ఆపలేదు. "తెలుసు" అంది. "ఆ రోజు మధ్యాహ్నమే బరావు వచ్చి చెప్పాడు."

"మరి నన్నెందుకు అడిగావత్తా, పేరు ఎవరిచ్చారని?"

"నువ్వు చెబుతావని." రాళ్ళు ఏరి పక్కన పారేసింది. "వేళాకోళం ఆడినందుకు నాకు కోపం లేదే. మీ అమ్మా నేనూ అంతకన్నా ఘోరంగా ఆడుకున్నాం. నీ చోట నేనున్నా అదే అనేదాన్ని. కానీ ఇన్నాళ్ళూ నా కొడుకు వంతు సంకటి తిని, నా మొహం చూసి అబద్ధం చెప్పావే. అదే నొప్పి."

కాళ్ళు పట్టుకోబోయాను. వెనక్కి తీసుకుంది. కాసేపయ్యాక తనే, "పండగ వస్తోంది. వాడి టోపీ లాక్కో. ఎప్పటిలాగే. ఏమో, ఆ అల్లరికి లేస్తాడేమో" అంది.

జనవరి 18

టోపీ కొన్నది అత్తే. నీలం దారంతో కుట్టు పని. వాడికి నీలం ఇష్టం.

రేపు ఏమనాలో వరసగా అనుకుంటున్నాను. దొంగా. తిండిపోతు. బానిస వెధవా, నీ కూతురు కూడా నాదే. ఒక్కటైనా తగులుతుంది. ఒక్కదానికైనా నోరు లేస్తుంది. వాడు ఊరుకునే రకం కాదు, చిన్నప్పటినుంచీ నాకు తెలుసు కదా.

జనవరి 19, పండగ

నమాజు నుంచి మగవాళ్ళు తిరిగొచ్చారు. వీధంతా కొత్త బట్టలు. అత్త ఇంటి ముందు గాంబో నిలబడి ఉన్నాడు, కొత్త టోపీ, కొత్త చొక్కా. చూడటానికి మనిషిలాగే ఉన్నాడు. చుట్టూ చుట్టాలు, పిల్లలు. ఇలూ కూడా ఉన్నాడు. నేను వస్తుంటే అందరూ దారి వదిలారు. ఏం జరగాలో అందరికీ తెలుసు.

వెనకనుంచి వెళ్ళి టోపీ లాగాను.

వాడు కింద కూలబడిపోయాడు. రెండు చేతులతో తల కప్పుకుని, మోకాళ్ళు గుండెకి ఆనించుకుని, ముడుచుకుపోయాడు. జుట్టు లేని చోట గీతలు, ఇంకా ఎర్రగా.

పిల్లలు ఆట అనుకుని నవ్వారు. పెద్దవాళ్ళు ఎవరూ నవ్వలేదు.

ఆగిపోతే బావుండేది. కానీ ఆగిపోతే ఇంక ఎప్పటికీ ఆగిపోయినట్టే అని భయమేసింది. పక్కన కూర్చుని, "ఏరా బానిసా, లే. దొంగ వెధవా. టోపీకి డబ్బు కట్టు" అన్నాను.

చేతులు తలమీద నుంచి తియ్యకుండానే చెప్పాడు. "అవునండి. నేనే."

"తిండిపోతువి కూడా."

"అవునండి."

"ఒరేయ్, నన్ను చూడరా. నేను అసాబేని. నీ దొరసానిని. నన్ను తిట్టరా."

"అవునండి, నేనే. రాసుకోండి" అన్నాడు.

అదే మాట. ఆ రోజు నడుం వంచి, నవ్వుతూ, చేతులు చాపి అన్న మాట. దొరసాని మాట ఒక్కటే పోయింది. అత్త వచ్చి వాడి పక్కన నేలమీద కూర్చుంది. నేను టోపీ వాడి తలమీద పెట్టాను, మెల్లిగా.

జనవరి 20

ఆఫీసరు రాయొద్దన్న కాగితం ఈరోజు రాశాను. ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు అది. అయినా శుభ్రంగా, బడి అక్షరాల్లో రాశాను. 'గాంబో జనరల్ని ఎన్నడూ ఒక్క మాట అనలేదు. అన్నాడని చెప్పినది నేను. అది అబద్ధం. అతను ఏ తప్పూ చేయలేదు.' కింద నా పేరు, మా నాన్న పేరు.

పట్టుకెళ్ళి వాడి చేతిలో పెట్టాను. పత్రిక దొరికితే సబ్బుల ప్రకటన కూడా వదలకుండా చదివేవాడు. చదువుతాడు అనుకున్నాను. చదివి నా మొహాన కొట్టినా చాలు అనుకున్నాను.

చదవలేదు. పైనుంచి కిందకి ఒకసారి చూసి, నా చేతిలోని పెన్ను తీసుకుని, నా పేరు కింద సంతకం పెట్టి, రెండు చేతులతో కాగితం తిరిగి ఇచ్చేశాడు. "ఇంకేమైనా ఉందా అండీ?" అని అడిగాడు.

ఉంది, రేపు వస్తానన్నాను.

గుమ్మం దగ్గర అత్త పిల్లని ఎత్తుకుని నిలబడి ఉంది. "రేపు కూడా తిట్టు" అంది. "మానకు."

రేపు వెళ్తాను. ఎల్లుండీ వెళ్తాను. వాడు ఎదురు తిట్టేదాకా తిడతాను.